ఆరో కళ్లం

మా నడిమింట్లో దేవుడి పటాల కింద గూట్లో ఒక ఇత్తడి రసమట్టం ఉంటుంది. జానెడు పొడుగు. మధ్యలో గాజు గొట్టం, గొట్టంలో పచ్చటి నీళ్లు, నీళ్లలో ఒక బుడగ. నేల చదునుగా ఉంటే బుడగ నడిమధ్యన నిలబడుతుంది. లేకపోతే ఎత్తున్న వైపుకి జరుగుతుంది. ఇంటికి ఎవరొచ్చినా, మా ఆవిడ కాఫీ కలిపి తెచ్చేలోపు నేను దాన్ని తీసి చూపిస్తాను. ఇంగ్లండు దొర ఇచ్చాడని చెబుతాను. నేను చేసిన నేల చూసి మెచ్చి ఇచ్చాడని చెబుతాను. రెండూ నిజమే. ఆ రెండు నిజాలకీ మధ్య ఒక సంగతి ఉంది. దాన్ని నలభై ఏళ్లుగా మోస్తున్నాను. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు.

ఇప్పుడు మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు, అదే నయం. తెలిసినవాళ్లయితే నా మొహం చూసి, పోనీలే పెద్దాయనా, ఎప్పటి మాటో కదా అంటారు. ఆ మాట నాకు వద్దు. వినండి చాలు.

ముందు నేనెవరో తెలియాలి. గొప్పలు చెప్పుకుంటున్నాడనుకుంటే అనుకోండి, ఉన్న గొప్ప దాచుకునే అలవాటు నాకు లేదు. మిరపకాయలు ఆరబోసే కళ్లం చేయడంలో ఆ రోజుల్లో నన్ను మించినవాడు మా చుట్టుపక్కల లేడు. సత్తెనపల్లి నుంచి వినుకొండ దాకా, కోతలు మొదలయ్యే ముందు బండి కట్టి పంపించి మరీ పిలిపించుకునేవాళ్లు. కళ్లం అంటే మట్టి చదును చేయడమే కదా అంటారు తెలియనివాళ్లు. ఎక్కడన్నా వేలెడు పల్లం ఉంటే తెల్లవారుజామున మంచు నీళ్లు అక్కడ చేరతాయి. చేరిన చోట కాయ రంగు పోతుంది. రంగు పోయిన కాయ తాలు కింద సగం ధరకే పోతుంది. ఒక సంసారం ఏడాదంతా పడ్డ కష్టం నా కళ్లం మీద ఆరేది. నేను చేసిన కళ్లం మీద కాయ రంగు పోయిందన్న రైతు ఒక్కడు కూడా లేడు.

పైపొర చెక్కి, గరుసు పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి గట్టిపరిచి, దాని మీద ఎర్రమట్టి మెత్తి, పేడనీళ్లతో అలకాలి. అంతా అయ్యాక పరీక్ష. నడిమధ్యన నిలబడి చెంబెడు నీళ్లు పోయాలి. నీళ్లు గుండ్రంగా అన్ని వైపులకీ సమంగా పాకితే కళ్లం అయినట్టు. ఒక వైపుకే పరుగెత్తితే మళ్లీ తవ్వాలి. ఆ చెంబు చేసినవాడి చేతిలోనే ఉండాలి. చేసినవాడు పక్కన ఉండగా ఇంకొకరు నీళ్లు పోసి చూశారంటే, నీ మాట మీద మాకు నమ్మకం లేదని నలుగురిలో చెప్పినట్టే. మా నాన్నకి ఒక ఊళ్లో అలా జరిగితే, పార అక్కడే వదిలేసి వచ్చేశాడు. చచ్చేదాకా ఆ ఊరి పొలిమేర తొక్కలేదు. ఆ రక్తమే నాది కూడా.

ఎనభైల్లో మా ఊరికి మైలున్నర దూరంలో ఒక నూలు మిల్లు కట్టారు. యంత్రాలు విదేశాలవి. వాటిని బిగించడానికి దొరలు వచ్చారు. ఇంగ్లండు వాళ్లు, జర్మనీ వాళ్లు, ఒక జపాను జంట, అంతా కలిసి ఇరవై మంది దాకా ఉండేవాళ్లు. సాయంత్రాలు వాళ్లకి ఏమీ తోచేది కాదు. క్లబ్బు పెట్టుకున్నారు. క్లబ్బంటే రేకుల షెడ్డు, నాలుగు కుర్చీలు, ఒక రేడియో. తర్వాత వాళ్లకి గోల్ఫు ఆడాలనిపించింది. కర్రతో చిన్న బంతిని కొట్టుకుంటూ పోయి దూరంగా ఉన్న గుంటలో వేయాలి. ఎన్ని తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. ఆట ఇంతే.

మిల్లు వాళ్లు ఖాళీగా ఉంచిన పొలంలో ఆరు గుంటలు పెట్టుకున్నారు. అది నల్లరేగడి. ఎండలు ముదిరాయంటే చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుకుంటాయి. దొర కొట్టిన బంతి నెర్రెలోకి దిగిందంటే భూదేవికి సమర్పించినట్టే. పక్కనే మిరప కళ్లాలు. బంతి అక్కడ పడితే, తాలుకాయలు ఏరే ఆడవాళ్లు దాన్ని కూడా తాలులో కలిపి పక్కన పడేసేవాళ్లు. వెతుక్కుంటూ వచ్చిన దొరసాని తుమ్మి తుమ్మి కళ్లనీళ్లు పెట్టుకుంటే, వీళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు.

గుంట చుట్టూ పచ్చగడ్డి ఉండాలట ఆ ఆటకి. మా రేగట్లో ఎక్కడ పెరుగుతుంది? గడ్డి లేని దేశాల్లో గుంట చుట్టూ గుండ్రంగా నేల చదును చేసి, కాలిన ఇంజను ఆయిలు కలిపిన ఇసుక పరుస్తారని వాళ్లలో ఎవరికో తెలుసు. ఆ నేల అద్దంలా ఉండాలి. ఎవరు చేస్తారని అడిగితే, మా మేనమామ కొడుకు కోటేశు నన్ను తీసుకెళ్లాడు. వాడు మిల్లులో ఫిట్టరు.

"మా బావ చేసిన నేల మీద నీళ్లు పోస్తే, ఎటు పోవాలో తెలియక నీళ్లే ఆలోచిస్తాయండీ" అని చెప్పాడట దొరలకి.

ఆరు కళ్లాలు చేశాను. నేను వాటిని కళ్లాలే అనేవాణ్ణి. కొన్నాళ్లకి దొరలు కూడా అలాగే అనడం మొదలుపెట్టారు. ఇప్పటికీ తలుచుకుంటే ఛాతీ పొంగుతుంది. సీమదొరల నోట మా మాట పలికించాను.

కోటేశు పైవాడు వాల్టర్ దొర. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. యాభై నాలుగేళ్లు. చేతులు మాత్రం మనిషికి మించినవి. నూలు వడికే యంత్రంలో వందల కదుళ్లు ఉంటాయి, అన్నీ ఒకే నిలువుగా నిలబడాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా దారం తెగుతుంది. వాల్టర్ దొర కళ్లు మూసుకుని తిరుగుతున్న కదురు మీద వేలు ఆనించి, ఇది వంగింది అనేవాడట. తర్వాత గేజీ పెట్టి చూస్తే అది వంగే ఉండేదట. కోటేశు ఈ కథలు చెబుతుంటే నాకు బాగుండేది. చేతిపనివాడి సంగతి చేతిపనివాడికి తెలుస్తుంది కదా. ఒక్కోసారి అంత బాగుండేది కాదు కూడా. మా ఊళ్లో చెయ్యి అంటే నా చెయ్యి. మైలున్నర దూరంలో ఇంకో చెయ్యి ఎందుకు? అప్పుడు ఇలా అనుకున్నానో లేదో నాకే తెలియదు. ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది.

ఏటా మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో దొరలకి ఒక వారం పోటీలు. సోమవారం మొదలై శనివారం అయిపోయేది. పొద్దున పూట ఆట. అందరూ ఆరు గుంటలూ రెండుసార్లు తిరిగి రావాలి. ఎవరు ఎన్ని దెబ్బలు కొట్టారో రాసి, ఆరు రోజులవీ కలిపి, తక్కువ వచ్చినవాళ్లకి కప్పు. కప్పంటే రాగి చెంబు లాంటిది, దానికోసం కొట్టుకుచచ్చేవాళ్లు. నేను చెబుతున్న ఏటికి ముందటేడు వాల్టర్ దొర దాన్ని ఒక్క దెబ్బ తేడాలో పోగొట్టుకున్నాడు. అందుకని ఈసారి సాయంత్రాలు డ్యూటీ దిగాక ఆరో కళ్లం దగ్గర ఒంటరిగా ఆడుకుంటుంటే చూసేవాణ్ణి. గెలవాలని చాలా ఉండేది ఆ మనిషికి.

పోటీలకి ముందురోజు ఆదివారం. దొరలూ, దొరసానులూ, మిల్లు మనుషులూ, మా ఊరివాళ్లూ అందరూ పొలం చూడటానికి వచ్చారు. నేను తలగుడ్డ కొత్తది చుట్టుకుని ఆరో కళ్లం దగ్గర నిలబడ్డాను. అదే చివరిది, అందరూ గుమిగూడేది అక్కడే. వాల్టర్ దొర జేబులోంచి ఈ ఇత్తడి రసమట్టం తీశాడు. వంగి, నా కళ్లం మీద పెట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఫిట్టర్ల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆయనకి కాస్త వచ్చు.

"ఈ పక్క పల్లం" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆయన తెలుగు విని నవ్వారని తర్వాత కోటేశు చెప్పాడు. నాకు అప్పుడు అలా వినపడలేదు. నేను అక్కడే ఉండగా, నా కళ్లం మీద, నా మనుషుల ముందు, ఇంకొకడు మట్టం పెట్టి చూశాడు. చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. రసమట్టమే తేడాగా ఉందేమో చూసుకోమను అన్నాను కోటేశుతో. కోటేశు తల దించుకున్నాడు. ఆ మాట దొరకి అర్థమైందో లేదో, చిన్నగా నవ్వి వెళ్లిపోయాడు.

ఆయన చెప్పింది నిజం.

మిల్లు రాకముందు ఆ చోట ఒక కామందు జొన్నలు దాచుకునే పాతర ఉండేది. నిలువెత్తు గొయ్యి. పూడ్చి చాలా ఏళ్లయింది. నాకు తెలుసు. ఆ మట్టంతా తోడి, గరుసు నింపి, అప్పుడు కళ్లం వేయాలి. ఇంకెవరన్నా తోడకుండా వేసి ఉంటే నేనే తిట్టేవాణ్ణి. నేను తోడలేదు. పైపైన దిమ్మిస కొట్టి వేసేశాను. నా చెయ్యి పడితే పాతరైనా గట్టిపడుతుందని నాకంత ధీమా. వానాకాలం వెళ్లాక ఆ పక్క కొంచెం కుంగింది. కుంగిందని నాకు కనపడింది. కనపడనట్టు ఇసుక జల్లాను.

దొరలు భోజనాలకి వెళ్లాక ఒక్కణ్ణే కూర్చుని ఆ పక్కంతా చెక్కాను. గరుసు దట్టించి, పొద్దుగుంకేదాకా దిమ్మిస కొట్టాను. ఆ వారం నిలబడితే చాలనుకున్నాను. చెంబు నీళ్లు పోస్తే గుండ్రంగా పాకాయి. మళ్లీ ఆయిలు ఇసుక పరిచాను. బాగుచేశానని ఎవరికీ చెప్పలేదు. చెబితే పల్లం ఉందని ఒప్పుకున్నట్టే కదా. ఇక్కడితో ఆగి ఉంటే, మీకు ఇంత రాయవలసిన పని లేదు.

ఇసుక మీద మనుషులు తిరిగితే అడుగులు పడతాయి. అందుకని ఆ ఆటలో ఒక పద్ధతి. బంతి కళ్లం మీదికి వచ్చాక, ఆఖరి దెబ్బ కొట్టే ముందు, ఒక మనిషి బంతి దగ్గర నుంచి గుంట దాకా చెక్కపట్టె ఒకసారి లాగుతాడు. రెండు మూరల చెక్క, అడుగున గోనెపట్టా. లాగితే ఇసుక మీద నున్నటి బాట పడుతుంది. ఆ బాట మీదే బంతి దొర్లుతుంది. ఒక్కసారే లాగాలి, సరిగా రాలేదని మళ్లీ లాగకూడదు. ఆరు కళ్లాలకీ ఆరుగురం ఉండేవాళ్లం. ఆరోది నాది. ఎవరి పక్షమూ వహించవద్దని దొరలు మాకు చెప్పలేదు. అలాంటి మాట చెప్పవలసిన అవసరం ఉంటుందని వాళ్లకి తట్టలేదు.

నేను ఏం చేశానో చెబుతాను. పట్టె లాగుతూ, గుంట ఇంకో మూరెడు దూరంలో ఉందనగా, ఎడమ బొటనవేలితో చెక్క అంచుని కొద్దిగా నొక్కేవాణ్ణి. బాట ఆ పక్కకి గోరు మందం వాలేది. కంటికి కనపడదు. వేలితో తడిమినా దొరకదు. బంతి జోరు మీద ఉన్నప్పుడు దానికి ఏమీ కాదు. గుంట దగ్గరికొచ్చి నెమ్మదించినప్పుడు మాత్రం ఎడమకి తిరిగి, గుంట పక్కగా వెళ్లి ఆగుతుంది. తర్వాత వచ్చినవాడికి తిన్నగా లాగేవాణ్ణి. దాంతో మొదటి బాట చెరిగిపోయేది. తప్పు చేసిందీ నేనే, తుడిచిందీ నేనే.

సిగ్గుతో చెప్పవలసిన మాట ఇది. కాని నిజం చెబుతానని కూర్చున్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఆ పని తలుచుకుంటే నాకు ఈ రోజుకీ గర్వంగానే ఉంటుంది. ఎంత నొక్కాలో, ఎక్కడ మొదలుపెట్టాలో, ఆయన కొట్టే జోరు ఎంతో, అంతా చూసి లెక్కకట్టి, పదిమంది కళ్ల ముందు, ఒక్క వేలితో. ఎవరు చేయగలరు? చెప్పుకోవడానికి వీల్లేని పని నా జన్మలో అదొక్కటే. చేసిన వాటిలో నాణ్యమైనదీ అదే. ఈ రెండూ ఒకే పనికి ఎలా కుదిరాయో నాకు అర్థం కాదు.

సోమవారం ఒకసారి చేశాను. మంగళవారం రెండుసార్లు. వాల్టర్ దొర బంతి వైపు చూశాడు, కర్ర వైపు చూశాడు. నా వైపు చూడలేదు. అనుమానం ఆ మనిషి ఒంట్లోనే లేదు.

బుధవారం పొద్దున్నే, ఎవరూ రాకముందు ఆయన వచ్చాడు. నేను ఇసుక సర్దుతున్నాను. రసమట్టం తీసి నేల మీద పెట్టాడు. దొరికిపోయాననుకున్నాను, తర్వాత గుర్తొచ్చింది. నేల బాగుంది కదా. ఆదివారమే బాగుచేశాను కదా. బుడగ నడిమధ్యన నిలబడింది. నాలుగు వైపులా తిప్పి చూశాడు. అన్ని వైపులా మధ్యనే. తర్వాత రసమట్టం జేబులో వేసుకుని, కుడి అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. మడిచాడు, తెరిచాడు. నేల తప్పు కాదు, మట్టం తప్పు కాదు, మిగతావాళ్ల బంతులన్నీ తిన్నగానే పోతున్నాయి. ఇంకేం మిగిలింది?

అది చూసి నాకు జాలి వేసిందని రాయాలని ఉంది. వేయలేదు. చెల్లుకి చెల్లు అనుకున్నాను.

ఆ రోజు మళ్లీ ఒకసారి నొక్కాను. గురువారం మాత్రం నొక్కలేదు. ఎందుకో చేతులు రాలేదు. రెండుసార్లూ తిన్నగా లాగాను, అమ్మతోడు. రెండుసార్లూ ఆయన బంతి గుంటలో పడలేదు. ఒకటి పొట్టిగా ఆగింది, ఒకటి దాటిపోయింది. కొట్టే ముందు ఆయన వేళ్లు కర్ర మీద మళ్లీ మళ్లీ సర్దుకోవడం చూశాను. శుక్రవారం కూడా అంతే. నా వేలి పని అయిపోయిందని, ఇక దాని అవసరం లేదని నాకు అప్పుడు తెలిసింది. తెలిసి ఏం చేశాను? ఏమీ చేయలేదు. మధ్యాహ్నం ఇంటికెళ్లి పప్పు బాగుందని మళ్లీ వడ్డించుకున్నాను.

శనివారం. అంతా అయ్యేసరికి వాల్టర్ దొరకీ, ఆ ఏడే వచ్చిన పీటర్ అనే కుర్ర ఇంజనీరుకీ మధ్య పోటీ నిలిచింది. పీటర్ ముగించేశాడు. ఆరో కళ్లం మీద వాల్టర్ దొర బంతి గుంటకి నాలుగు బారల దూరంలో ఉంది. ఈ ఒక్క దెబ్బకి పడితే ఇద్దరూ సమానం. దొరలంతా చుట్టూ నిలబడ్డారు, మిరప కళ్లాల ఆడవాళ్లు కూడా పని ఆపి చూస్తున్నారు. ఆయన నన్ను చూసి తల ఊపాడు. లాగమని.

లాగాను. మూరెడు దూరంలో వేలు నొక్కాను.

రెండు రోజులు మానేసినవాణ్ణి మళ్లీ ఎందుకు నొక్కాను? నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. ఈ బంతి తిన్నగా వెళ్లి పడితే, చెయ్యి బాగానే ఉందని ఆయనకి తెలుస్తుంది. తెలిస్తే మొదటి రోజుల సంగతి ఆలోచిస్తాడు. ఆయన లాంటి పనివాడు ఒకసారి ఆలోచించడం మొదలుపెడితే నా బొటనవేలి దాకా వస్తాడు. ఆ భయంతో నొక్కాను. లేదా ఇది తర్వాత నేను కట్టుకున్న కథేమో. అలవాటు పడ్డ వేలు దానంతట అదే నొక్కిందేమో. ఏదైతేనేం, నొక్కింది నా వేలే.

ఆ దెబ్బ మాత్రం చక్కగా కొట్టాడు. వారం మొత్తంలో అంత చక్కగా ఎవరూ కొట్టలేదు. బంతి తిన్నగా వచ్చింది, నెమ్మదించింది, ఎడమకి తిరిగింది. ఒక దెబ్బ తేడాలో కప్పు పీటర్‌కి పోయింది.

షామియానా కింద చప్పట్లూ, టీలూ అయ్యాక నేను కళ్లం మీద గోనెలు కప్పుతున్నాను. వాల్టర్ దొర ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు. నా ఎదురుగా గొంతుక్కూర్చుని, ఇసుక మీద అరచెయ్యి ఆనించాడు.

"నేల మంచిది" అన్నాడు. "ఆదివారం నేను తప్పు. పల్లం లేదు. నా తప్పు."

నేను ఇంకో గోనె పరిచాను.

కుడిచెయ్యి చాపాడు. అరచేతి నిండా కాయలు, నా చేతికి ఉన్నట్టే.

"కోటేశుని అడిగాను. కోటేశు చెప్పడు, భయం. నువ్వు రోజూ చూశావు. నువ్వు పనివాడివి. నువ్వు చెప్పు. చెయ్యి పోయిందా?"

ఎదురుగా ఉన్నాడు. ఎవరూ లేరు. ఒక్క మాట. ఒక్క మాట అంటే, మహా అయితే నన్ను పనిలోంచి తీసేసేవాళ్లు. నా కళ్లాలు నాకు ఉన్నాయి, మెతుకులకేం లోటు లేదు. ఆయన నన్ను తోటి పనివాడిగా అడిగాడు. నా బతుకులో ఎవరూ అంత గౌరవంగా నన్ను ఏదీ అడగలేదు.

"వయసండి" అన్నాను. "ఎవరికైనా తప్పదు కదండీ."

వయసు అన్న మాట ఆయనకి తెలుసు. తల ఊపాడు. లేచి, నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆ వారం రోజుల పాపం ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. వేలితో చేసింది కోపం, ఒప్పుకుంటాను. నోటితో చేసినప్పుడు నాకు కోపం కూడా లేదు.

తర్వాత సంగతులు కోటేశు చెబితే తెలిశాయి. ఒకరోజు మా ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"దొర కదురు ముట్టుకోవట్లేదు బావా. కళ్లు మూసుకుని చెప్పేవాడా, ఇప్పుడు మూడుసార్లు గేజీ పెట్టి చూసి, మళ్లీ నన్ను చూడమంటున్నాడు. ఏందో మనిషి అదోలా అయిపోయాడు" అన్నాడు.

ముసలాడైపోయాడులే అన్నాను. మా ఆవిడ అయ్యో పాపం అంది.

మిల్లు రెండో భాగం బిగించడానికి వాల్టర్ దొర ఇంకో రెండేళ్లు ఉండాలి. ఉండలేదు. నా చేతి మీద నాకు నమ్మకం లేదు, వేరే మనిషిని పంపించండని ఆయనే పైవాళ్లకి రాసుకున్నాడట. ఎండలు ముదరకముందే వెళ్లిపోయాడు. వెళ్లే రోజు ఈ రసమట్టం దూదిలో చుట్టి కోటేశుకిచ్చాడు.

"నీకిమ్మన్నాడు బావా. నీ చేతిని నమ్మొచ్చు అన్నాడు" అని వాడు నా చేతిలో పెట్టాడు. వాడి మొహం వెలిగిపోతోంది, బావకి దక్కిన గౌరవం చూసి.

ఆ మాట ఊరంతా పాకింది. దొర ఇచ్చిన రసమట్టం చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు. ఆ తర్వాత నేను కళ్లం చేశానంటే చెంబు నీళ్లు పోయమని కూడా ఎవరూ అడగలేదు. నేనే పోసేవాణ్ణి, ఒక్కటి కూడా వదలకుండా. పాతర ఉందంటే నిలువెత్తూ తోడించేవాణ్ణి. వందల కళ్లాలు చేశాను, ఒక్కటి కుంగలేదు. గుళ్లకి నేలలు వేశాను, బడికి వేశాను. నన్ను శాలువా కప్పి సన్మానించారు కూడా. అదంతా నా చేతి కష్టమే, దొంగసొమ్ము కాదు. అయినా ఆ శాలువా కప్పుతున్నప్పుడు, దొర మెచ్చిన చెయ్యి అని మైకులో చెప్పారు. నేను రెండు చేతులూ జోడించి దండం పెట్టాను. బొటనవేళ్లు రెండూ లోపలికి మడుచుకున్నాను.

మిల్లు మూతపడి చాలా కాలమైంది. ఆరో కళ్లం ఉన్నచోట ఇప్పుడు పత్తి వేస్తున్నారు. కోటేశు పోయాడు. వాడు మంచంలో ఉన్నప్పుడు రోజూ వెళ్లి పక్కన కూర్చునేవాణ్ణి. చెబుదామనే వెళ్లేవాణ్ణి. వాడు వచ్చినవాళ్లందరికీ, మా బావ చెయ్యిరా అని నా చెయ్యి ఎత్తి చూపించేవాడు. చెప్పలేకపోయాను. వాల్టర్ దొర ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో తెలియదు. ఉంటే తొంభై దాటి ఉండాలి.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటారా? నాకు డెబ్బై ఆరు. మిరపకాయలు ఇప్పుడు పట్టాల మీద ఆరబోస్తున్నారు, మట్టి కళ్లం ఎవరికీ అక్కర్లేదు. పని లేక కూర్చుని, మొన్న ఒక పొద్దున రసమట్టం తుడుస్తూ, ఊరికే, కుడిచెయ్యి చాపి అరచేతిలో పెట్టుకున్నాను. చెయ్యి ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని. బుడగ మధ్యకొచ్చి ఆగింది. మా ఆవిడ కాఫీ తెచ్చి, ఏందా విన్యాసం అని అడిగి, మళ్లీ లోపలికెళ్లి, గిన్నెలు కడుక్కుని తిరిగొచ్చింది. బుడగ కదల్లేదు.

డెబ్బై ఆరేళ్లకి ఇలా ఉంది నా చెయ్యి. ముందు గర్వం వచ్చింది, అబద్ధం ఎందుకు, చాలా వచ్చింది. దాని వెనకాలే ఇంకో సంగతి వచ్చింది. నా చెయ్యి ఇంతకాలం నిలిచిందంటే, యాభై నాలుగేళ్ల వాల్టర్ దొర చెయ్యి ఇంకా ఎన్నేళ్లు నిలిచేది? ఇరవై ఏళ్లు? ఎన్ని వేల కదుళ్లు? నేను ఆయన కప్పూ, ఇక్కడి రెండేళ్ల పనీ మాత్రమే పోగొట్టాననుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. కాఫీ చల్లారిపోయింది. మా ఆవిడ తిట్టింది.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించవలసినవాళ్లు మీరు కారు. దొర అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం బాకీ ఉంది. ఎదురుగా ఆ చెయ్యి చాపి ఉన్నట్టే అనుకుని, ఒక్కసారి బయటికి అంటాను, మీరు వినండి.

చెయ్యి మంచిదేనండి. బాట వాల్చి లాగింది నేను.